సున్న కాదు, మూడువందల యాభైనాలుగు!

ఉప్పల్లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్ దగ్గర బండి మారితే నారాయణగూడ, సుల్తాన్‌బజార్ ఎంతసేపు? నాచారం వాళ్ళయితే హబ్సిగూడ దాకా ఆటోలో వచ్చి ఎక్కుతారు. చీరలకనీ, పిల్లల పుస్తకాలకనీ కోఠీకి వెళ్ళి సంచులు నింపుకొస్తూనే ఉంటాం. నూరేళ్ళ కిందట అక్కడే తెలుగు మాట నవ్వులపాలైందనీ, అక్కణ్ణించే మళ్ళీ తలెత్తుకుందనీ మనలో ఎందరికి తెలుసు?

పత్రికలు తప్పులెన్నడంతో ఆగకుండా దారి కూడా చూపించాలనీ, జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించాలనీ ఇప్పుడు ఉత్సవాలు చేస్తున్నారు. దానికి ‘నిర్మాణాత్మక జర్నలిజం’ అని పేరు. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో 2017లో దీనికోసం ఒక సంస్థే వెలిసింది. పేరు కొత్తదేగాని, పని మనకి కొత్తది కాదు.

1921 నవంబరులో వివేకవర్ధినీ హాల్లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన కార్వే గారు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఎవరు మాట్లాడినా సభ విన్నది. ఆలంపల్లి వెంకటరామారావుగారనే వకీలు తెలుగులో మొదలుపెట్టేసరికి మాత్రం ఒకటే గోల! రాష్ట్రంలో ఇంచుమించు సగంమంది మాట్లాడే భాష అది. సంస్కరణ సభలోనే ఈ సంస్కారం! మనసు కష్టపెట్టుకున్న తెలుగువాళ్ళు ఆ రాత్రే టేకుమాల రంగారావుగారి ఇంట్లో చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు.

సంఘమైతే వచ్చింది, మరి నలుగురికీ మాట చేరేదెలా? 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు వచ్చేది. 1929లో ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు వచ్చి, సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి తెచ్చుకోవాలంది. ఊళ్ళో రచ్చబండకి తాళం వేస్తే పత్రికే రచ్చబండ అయింది.

అప్పుడే ఎవరో తెలంగాణలో కవులు ‘పూజ్యం’ అనేశారు, అంటే సున్న అని. మనమైతే ఏం చేస్తాం? నాలుగు మాటలని తలుపు వేసుకుంటాం. ప్రతాపరెడ్డిగారు అలా చెయ్యలేదు. ఊరూరి నుంచీ పద్యాలూ, కవుల వివరాలూ తెప్పించారు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. అందులో ఎంతమంది కవులనుకున్నారు? 354 మంది! పూజ్యమంటే పూజించదగినదని కూడా అర్థముంది కదా. అన్నమాట అన్నవారికే ఆ రెండో అర్థం బోధపడి ఉంటుంది.

మరి ఆడవాళ్ళ సంగతో? 1930 మార్చిలో జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దాంతోపాటే మహిళా సభ కూడా జరిగింది. దానికి అధ్యక్షురాలు నడింపల్లి సుందరమ్మగారు. ఇంటి గడప దాటితేనే వింతగా చూసే రోజుల్లో వేదికెక్కి మాట్లాడ్డమంటే సామాన్యమా!

అంతకు రెండేళ్ళ ముందే, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు తెలుగులో చదువు చెప్పే బాలికల పాఠశాల పెట్టారు. నారాయణగూడలో ఉన్నది ఆ బడే. తెలుగు చదువుకి ఇక్కడి విశ్వవిద్యాలయం గుర్తింపు దొరకలేదు. అప్పుడు ఆదుకున్నది ఎవరనుకున్నారు? కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయం! ఏ పెద్దమనిషి అధ్యక్షతన తెలుగు నవ్వులపాలైందో, ఆయన స్థాపించిన సంస్థే తెలుగు పిల్లల చదువుకి దారిచ్చింది. ఆ రాత్రి మరాఠీ వాళ్ళతో పోట్లాటకి దిగి ఉంటే ఈ దారి తెరుచుకునేదా?

ఇవాళ టీవీ పెడితే నలుగురూ ఒక్కసారే అరుస్తారు, ఎవరి మాటా వినపడదు. చర్చంటే అది కాదు. గొంతు వినపడనివాళ్ళ ఊరూ పేరూ అడిగి, వాళ్ళ మాట అచ్చువేసి నలుగురి ముందూ పెట్టడం. మన కాలనీ మీటింగులోనూ వెనక వరసలో ఏదో చెప్పబోయి ఊరుకునే ఇల్లాలు ఒకావిడ ఉంటుంది. ‘మీరేమంటారండీ?’ అని ముందు ఆవిణ్ణి అడిగి చూడండి.