తేదీయే పండుగ పేరైన తీరు

అమెరికా చరిత్రకు సంబంధించిన ఆధార పత్రాలు చదివేటప్పుడు మీరు మొదట గమనించవలసినది తేదీ రాసే పద్ధతి. 4/7 అన్న అంకెలను బ్రిటిష్ వారూ, వారి పద్ధతిని అనుసరించే మనమూ జులై 4గా చదువుతాం. అమెరికన్లకు అది ఏప్రిల్ 7. వారు నెలను ముందు, రోజును తరువాత చెబుతారు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన శీర్షికలోనూ ‘జులై 4, 1776’ అన్న వరుసే కనిపిస్తుంది.

అయితే ఆ రోజు జరిపే ఉత్సవాన్ని వారు ‘ఫోర్త్ ఆఫ్ జులై’ అంటారు, లేదా క్లుప్తంగా ‘ద ఫోర్త్’ అంటారు. 18వ శతాబ్దిలో రెండు వరుసలూ వాడుకలో ఉండేవి. రోజు ముందుగా వచ్చే వరుస పండుగ పేరులో నిలిచిపోయింది. మనం తేదీని ‘ఆగస్టు 15’ అనీ, ఉత్సవాన్ని ‘పంద్రాగస్టు’ అనీ చెప్పుకోవడం ఇటువంటిదే.

ఏ తేదీ పేరుగా మారుతుందన్నది కూడా చరిత్రలో భాగమే. కాంటినెంటల్ కాంగ్రెస్ స్వాతంత్ర్య తీర్మానాన్ని ఆమోదించింది జులై 2న. భావితరాలు ఆ రోజునే ఉత్సవంగా జరుపుకుంటాయని జాన్ ఆడమ్స్ మరునాడు భార్య అబిగెయిల్‌కు రాశాడు. కాని ప్రకటన పాఠాన్ని ఆమోదించినది 4వ తేదీన. ముద్రిత ప్రతులపై ఉన్నదీ ఆ తేదీయే. ప్రజల మనస్సులో అదే నిలిచింది.

ఆ పండుగ అందరిదీ కాలేకపోయింది. బానిసత్వం నుండి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852 జులై 5న రోచెస్టర్‌లో ప్రసంగిస్తూ, బానిసకు ఈ జులై 4తో ఏం సంబంధమని నిలదీశాడు. 1863 జనవరి 1న లింకన్ విమోచన ప్రకటన వెలువడింది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసల విముక్తిని తెలిపే సైనిక ఉత్తర్వు 1865 జూన్ 19న గాని రాలేదు. ‘జూన్’, ‘నైన్‌టీన్త్’ కలిసి ‘జూన్‌టీన్త్’ అయింది. నల్లజాతి ప్రజలు తరతరాలుగా జరుపుకున్న ఈ దినం 2021లో జాతీయ సెలవుదినంగా గుర్తింపు పొందింది.

కాబట్టి ఆధార పత్రంలో తేదీ కనిపించినప్పుడు రెండు విషయాలు పరిశీలించండి: అది ఏ దేశపు వరుసలో రాసినది? పండుగ పేరైతే, అది ఎవరి అనుభవాన్ని గుర్తు చేస్తున్నది?

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. జులై 2కు బదులు జులై 4 ఉత్సవదినం కావడానికి కారణమేమి?
2. ‘జూన్‌టీన్త్’ అన్న పేరు ఎలా ఏర్పడింది?