సరిహద్దు తెలుగు, మనోవైద్యం

1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు సరిహద్దు వివాదంపై పటాస్కర్ ఇచ్చిన తీర్పు అమలై, తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోను, సత్యవేడు ప్రాంతపు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోను చేరినప్పుడు, ఆరంబాక్కం చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు భాషాల్పసంఖ్యాకులుగా, అంటే రాష్ట్ర ప్రధాన భాష మాతృభాష కానివారుగా, సరిహద్దుకు దక్షిణాన ఉండిపోయాయి. ఆ ప్రాంతానికి మనోవైద్యమంటే చాలాకాలం 1871లో మద్రాసు కీల్పాక్‌లో వెలసిన ఆసుపత్రే. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో గాని మొదలు కాలేదు.

ఆ కార్యక్రమంతో వైద్యానికి దూరం తగ్గినా మాట అడ్డు తొలగలేదు. జ్వర కారణాన్ని రక్తపరీక్ష పట్టిస్తుంది గాని, దిగులును రోగి మాటే పట్టించాలి. తమిళనాడు 2006 చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమయ్యాక బడిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడే యువతకు ఆ దిగులు ఇంటి భాషలోనే పుడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టపు 18వ సెక్షన్ మత, కుల, సంస్కృతి వివక్షలను నిషేధించినా, వాటి సరసన భాషను పేరుపెట్టి చేర్చకపోవడం తీవ్రమైన లోపమే.