ఈజిప్టీయుల పరలోకవిశ్వాసమునఁ బునర్జన్మము గలదా?

హెరొడోటసు అను యవనచరిత్రకారుఁడు క్రీ. పూ. 5వ శతాబ్దమున రచించిన గ్రంథమున, రెండవభాగమునందలి 123వ ప్రకరణములో నొక చిత్రమైన మాట గలదు. జీవుఁడు నిత్యుఁడనియు, దేహము నశింపఁగానే యప్పుడు పుట్టుచున్న వేఱొక జంతువునందుఁ బ్రవేశించుననియు, భూచర జలచర ఖేచరముల నన్నిటిఁ దిరిగి 3,000 సంవత్సరములకు మరల మానుషదేహమును బొందుననియు మొట్టమొదటఁ జెప్పినవారు ఈజిప్టీయులే యని యాతని వాక్యము. భారతీయపాఠకునకు ఇది పుట్టినింటి మాటవలెఁ దోఁచును. దీనినే ప్రమాణముగాఁ గొన్నచో జన్మాంతరవాదమునకు నైలునదీతీరమే మూలస్థానమని యొప్పుకొనవలసివచ్చును. కావునఁ బరీక్ష యావశ్యకము.

1822లో షాంపొల్లియను చిత్రలిపి రహస్యమును భేదించిన పిదప ఈజిప్టీయుల మాటను వారి నోటనే వినుట సాధ్యమైనది. 1881లో మాస్పెరో తెఱపించిన సక్కారాయందలి ఉనాసు రాజు పిరమిడ్డులోని గోడవ్రాఁతలు క్రీ. పూ. 24వ శతాబ్దమునాటివి. తరువాతికాలమున నిట్టి మంత్రములను శవపేటికలపైనను, అటుపిమ్మటఁ బపైరసు చుట్టలపైనను వ్రాసిరి. ఈ కడపటివానికి 1842లో లెప్సియసు పండితుఁడు 'మృతుల గ్రంథ' మని పేరిడెను. వాని స్వకీయనామము 'పెరెత్ ఎమ్ హెరూ', అనఁగా 'పగటియందు వెలువడుట'. వెలుఁగును గోరినవారికి మృత్యూపాసకులను నపవాదము గలుగుటకు ఈ పేరు కొంత కారణమేమో!

ఈ గ్రంథమున మృతుఁడు స్వర్ణశ్యేనముగా మాఱుటకు 77వ మంత్రమును, కలువగా మాఱుటకు 81వదియు, మొసలిగా మాఱుటకు 88వదియుఁ గలవు. హెరొడోటసు వాక్యమునకు ఇవియే మూలమని కొందఱు తలఁచిరి. కాని శబ్దమును జూడవలెను. ఈ మంత్రముల శీర్షికలలోని పదము 'ఖెపెరూ'. దాని ధాతువు 'ఖెపెర్'. ఇది మన భూధాతువునకు సమీపార్థకమేగాని జనధాతువునకుఁ గాదు. (ఆ లిపి యచ్చులను వ్రాయదు గావున ఈ యుచ్చారణము పండితుల యొడంబడిక మాత్రమే.) ప్రసవార్థమున వారికి వేఱుగా 'మెస్' అను ధాతువు గలదు, రామెసెసు అను రాజనామమున వినఁబడునది యదియే. ఇచట శ్యేనము కడుపునఁ బుట్టుట చెప్పఁబడలేదు. మంత్రబలమున నిచ్ఛారూపమును దాల్చుటయే చెప్పఁబడినది. కలువ హెరొడోటసు చెప్పిన జంతుకోటిలోఁ జేరనే చేరదు.

ఇంతకన్న బలవత్తరమైన సాక్ష్యము శవమే. 'బా' యను జీవాంశము మనుష్యశిరస్సు గల పక్షిగాఁ జిత్రింపఁబడును. అది పగలు వెలుపల సంచరించి రాత్రి తన దేహమునకే మరలవలెను. జీవుఁడు వేఱొక గర్భమును జేరువాఁడే యైనచో, విడిచిన శరీరమును క్షారమునఁ బాఁతి, గుడ్డచుట్టి కాపాడుట యెందులకు? ఆ సంస్కారమునకు 70 దినముల గడువు చెప్పినవాఁడు హెరొడోటసే. అదియు నదే రెండవభాగమున, 86వ ప్రకరణమున! తన మాటకుఁ దానే బాధకమైనాఁడు.

కర్మఫలము మాత్రము వారికిఁ గలదు. 125వ మంత్రమునందు మృతుఁడు 42 దేవతలయెదుటఁ దాను జేయని పాపములను జెప్పుకొనును. బ్రిటిషు మ్యూజియమునందలి ఆనీ లేఖకుని చుట్టలో హృదయమును మాఆత్ అను సత్యదేవత యీఁకతోఁ దూఁచు దృశ్యము స్పష్టముగా నున్నది. తప్పినవాఁడు నీచయోనియందుఁ బుట్టఁడు. మొసలితల గల యొక భూతము వాని హృదయమును మ్రింగును, అంతటితో వాఁడు లేఁడు. వారు భయపడినది ఈ రెండవ చావునకే. మన శాస్త్రము మరల మరల పుట్టుటను దుఃఖమనఁగా, వారు మరల చచ్చుటను దుఃఖమనిరి.

మఱి యవనుఁ డేల యట్లు వ్రాసెను? జంతుముఖదేవతలను, భద్రపఱచిన మొసళ్ల కళేబరములను జూచి, తన దేశమునఁ బైథాగొరసు శిష్యులు చెప్పుచుండిన సిద్ధాంతమును వానికిఁ దగిలించెనని యూహింపవచ్చును. ఆ ప్రకరణాంతమున నాతఁడే, యవనులలోఁ గొందఱు ఈ మతమును దమదిగాఁ జెప్పుకొనిరనియు, వారి పేరులు తెలిసియు వ్రాయననియు ననుచున్నాఁడు.