మన నేలపై మంచు



ఈ పూట నేను ముచ్చటింపదలచిన విషయము మంచు. ఎండలకును బొగ్గుబావులకును పేరుపడిన రామకృష్ణాపూరులో కాపురముండువాడు మంచునుగూర్చి మాటలాడుట యేమని మీలో కొందరు నవ్వవచ్చును. కాని మాఘమాసము ప్రవేశించినది మొదలు మా యూర పెద్దలు కూడిన చోట నెల్ల వినవచ్చు ప్రశ్న యొక్కటియే: "ఈ యేడు చలి మరియొక మారు తిరిగివచ్చునా, లేక ఇంతటితో సరియా?" ఈ ప్రశ్న వెనుక యాసంగి పంట యున్నది, అంతకు మించి, మన కాళ్ళక్రింది నేల చరిత్రయే యున్నది. ఆ చరిత్రనే నేడు మీ ముందుంచెదను.

మన భాషలో మంచు అను మాట చాల విశాలమైనది. తెల్లవారుజామున గడ్డిపరకపై నిలుచు బిందువును మంచే యందుము. ఎదుటి బండి కనబడనీయక క్రమ్ముకొను తెరను మంచే యందుము. హిమాలయమున పేరుకొను తెల్లని గడ్డయు మంచే. మొదటి రెండును మన మనుభవించినవి. మూడవది విన్నదే కాని, మన యూళ్ళలో కన్నది కాదు.

కనని దానిని కోరుట మనుష్య స్వభావము. ప్రవరుని కథ మీరెరుగనిది కాదు. దేశములు తిరిగిన సిద్ధుడొకడు ఇంటికి రాగా, ఆతని మాటలు విని మనసాగక, పాదములకు పసరు పూయించుకొని, ఆ గృహస్థు హిమాలయమునకు పోయెను. కన్నులార చూచి యింటికి మరలబోవ, ఆ మంచునీటికే పసరు కరగిపోయి యుండెను. అల్లసాని పెద్దన 16వ శతాబ్దమున ఈ కథను తెలుగు చేసినప్పుడు, విన్నవారిలో మంచుకొండను చూచినవారెందరుందురు? అయినను ప్రవరుని కోరిక వారికి వింతగా తోచలేదు. ఎండదేశమువాని కోరిక యది.

మన సేద్యగాని కోరిక ఇంకను చిన్నది. ఆతనికి హిమము వలదు. చలి నాలుగు దినములు నిలిచిన చాలును. నల్లరేగడిలో వేసిన శనగ వానకు పండునది కాదు. వానకాలమున నేల దాచుకొన్న పదునును, రాత్రి చలిని, తెల్లవారుజాము మంచును నమ్ముకొని పండును. గింజ పాలుపోసుకొను వేళ ఎండ ముదిరినచో కాయ తొందరపడి ఎండును, గింజ సన్నగిల్లును. మామిడికి పూత పుట్టించునదియు చలియే. కాని పూత విచ్చిన పిమ్మట పొగమంచు విడువక పట్టినచో ఆ పూతయే మాడును. కావున చెన్నూరు తట్టు తోటవాడు "చలి యుండవలెను, మంచు పట్టరాదు" అనును; శనగ చేనివాడు "రెండును ఉండవలెను" అనును. ఒకే యాకాశమును రెండు విధముల వేడుకొందురు.

శివరాత్రికి చలి శివశివా యని పోవునని మన పెద్దలు చెప్పిరి. ఆ సామెత ఉత్త వేడుక కాదు. అది రైతు గడువు. ఆ గడువునకు ముందే చలి సెలవు పుచ్చుకొనుట ఇటీవల తరచైనది. మన దేశమున 1901 నుండి లెక్కలు వ్రాసియుంచిరి. ఆ లెక్కలనుబట్టి పగటి వేడిమి సగటున 2023 ఫిబ్రవరిలో ఎన్నడును లేనంత హెచ్చెనని వాతావరణశాఖవారు ప్రకటించిరి.

ఈ కాలమున ఆకాశమునుండి మనకు గడ్డకట్టిన నీరు దక్కుట యున్నది, అది వడగండ్లు. కాని దానిని కోరువాడెవడు? 2023 మార్చిలో వడగండ్లతోడి వానకు తెలంగాణమున మొక్కజొన్నయు మామిడియు నేలరాలగా, ప్రభుత్వమువారు ఎకరమునకు 10,000 రూపాయల చొప్పున సాయము ప్రకటింపవలసి వచ్చెను. చలి నెమ్మదిగా వచ్చి నిలిచినచో వరము. గడియలో గడ్డయై మీదపడినచో శాపము.

మరి నిజమైన మంచు, హిమాలయపు మంచు, మన నేలపై ఎన్నడైన పడినదా? పడినది. సుమారు 30 కోట్ల ఏండ్ల క్రిందట మన గోదావరి లోయయు, చుట్టుప్రక్కల సీమయు మంచుగడ్డల పాలైయుండెను. ఇది పురాణము కాదు. రాళ్ళు చెప్పు సాక్ష్యము.

ఈ సాక్ష్యము మొదట ఒరిస్సాలో బయటపడెను. 1856 ప్రాంతమున తాల్చేరు బొగ్గునేలలను పరిశీలించిన బ్లాన్‌ఫర్డు సోదరులును థియొబాల్డును అచటి మెత్తని మన్నురాతి నడుమ పెద్ద బండలు చెదరియుండుట చూచిరి. ఏరు ఒండ్రును తెచ్చునప్పుడు బండను తేలేదు; బండను దొర్లించునప్పుడు ఒండ్రును నిలువనీయదు. రెండింటిని ఒక్కచోట దింపగలది మంచుగడ్డయే యని వారు తలచిరి. ఉడుకుదేశమున మంచా యని ఆ మాటను శంకించినవారును లేకపోలేదు.

పిమ్మట సాక్ష్యము మన గుమ్మము ముందరికే వచ్చెను. మన రైలుదారిని బల్హార్షా దాటినచో చాందా. ఆ చాందా చేరువను, పెన్‌గంగ యొడ్డున, ఇరాయి యను గ్రామము కలదు. అచట బండలపొర క్రింది పాతరాతిని ఫెడ్డెను అను భూశాస్త్రజ్ఞుడు పరిశీలించెను. ఆ రాతి ముఖము నునుపుదేరి, దానిపై గీతలు ఒకదాని ప్రక్క నొకటి సాగియుండెను. 1875లో ఆయన దీనిని ప్రకటించెను. ఆ గీతలెట్లు పడినవో సేద్యము చేసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. గొర్రు తోలిన చేనిలో చాళ్ళెట్లు సమముగ సాగునో, అట్లే కదలు మంచుగడ్డ తన యడుగున చిక్కిన రాళ్ళతో నేలరాతిని గీచుకొనుచు పోవును. గొర్రునకు పండ్లు ఇనుపవి. మంచుగడ్డకు పండ్లు రాతివి.

పెన్‌గంగ వార్ధాలో కలియును. వార్ధా వైన్‌గంగతో కూడి ప్రాణహితయగును. ప్రాణహిత కాళేశ్వరమున గోదావరిని చేరును. ఈ నదులవెంట సాగిన పల్లపునేల అంతయు ఒక్క లోయయే. మన బొగ్గుపొరలును ఆ లోయలోనివే. మన బొగ్గుసీమ పడమటి యంచున సైతము ఆ తాల్చేరు పొర బొగ్గునకు అడుగున కలదు. ఇల్లెందు చెంత 1871లో బొగ్గును కనుగొనిన విలియం కింగు దొరయే ఈ ప్రాణహిత గోదావరి లోయ భూచరిత్రను 1881లో గ్రంథస్థము చేసెను.

ఇంతటి మంచు ఇచటికెట్లు వచ్చెను? మంచు మనకడకు రాలేదు. మన నేలయే మంచుకడ నుండెను. ఆ కాలమున భారతదేశము, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, దక్షిణధ్రువ ఖండము ఒక్క భూభాగమై దక్షిణధ్రువమునకు దాపుగ నుండెను. ఈ మహాఖండమునకు లోకమంతయు పెట్టుకొనిన పేరు గోండ్వానా. మన ఆదిలాబాదు అడవులలోని గోండుల పేరది. ఇక్కడి శిలలకు మెడ్లికాటు 1872లో ఆ పేరు పెట్టగా, 1885లో స్యూసు అను పండితుడు దానినే ఖండమునకు వాడెను. రాజ్గోండుల పేరు ధ్రువప్రాంతమువరకు పోయినదని మనలో ఎందరికి తెలియును?

ఆ మంచు ఒక్కనాడు కరగలేదు. తగ్గుచు, మరల హెచ్చుచు, లక్షల యేండ్లకు వెనుదీసెను. అది విడిచిన పల్లములలో వానలు విరివిగ కురియు చల్లని వాతావరణ మేర్పడి, అడవులు మొలిచెను. ఆ అడవులలో ముఖ్యమైన చెట్టు గ్లోసోప్టెరిస్. నాలుక వంటి ఆకు కలదగుటచే 1828లో బ్రోన్యారు దానికి ఆ పేరు పెట్టెను. ఆ కాలపు మ్రాకుల మానులో ఏటేటి వలయములు స్పష్టముగ కనబడును. అనగా ఏటేట గడ్డుకాలము వచ్చుచు, పోవుచు నుండెను. ఆకులును మ్రాకులును బురదలో కూరుకొని, 28 కోట్ల ఏండ్లకు పూర్వమునుండి మగ్గి, బొగ్గైనవి. బావినుండి తెచ్చిన పలుచని రాతిపలకపై ఆ నాలుకాకు ముద్రను నేను చూచితిని. ఈనెలు సైతము చెక్కుచెదరలేదు.

ఈ యాకుతో నొక గంభీరమైన కథ ముడివడియున్నది. 1912 మార్చిలో దక్షిణధ్రువమునుండి మరలివచ్చుచు స్కాటును ఆతని తోడివారిద్దరును మంచులో, గుడారమునందే మరణించిరి. నవంబరులో వెదకుచు వచ్చినవారికి వారి సామానులో సుమారు 35 పౌనుల రాళ్ళు దొరికెను. అడుగు పడని స్థితిలో సైతము వారు ఆ బరువును పారవేయలేదు. ఆ రాళ్ళలో గ్లోసోప్టెరిస్ ఆకు ముద్రలు కలవు. మన బావులలోని యాకే మంచుఖండమునను మొలిచినదని దానివలన స్థిరపడెను.

ఇంతవరకు పాతకథ. ఇక నేటి కథ. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీకి గనుల హక్కు లభించెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1945లో నిజాం ప్రభుత్వము దానిలో పెక్కు వాటాలు కొని తనది చేసికొనెను. అప్పటినుండి ఆ బొగ్గు రైళ్ళను నడపినది, విద్యుత్తు నిచ్చినది, వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టినది. మా యూరే ఆ అన్నము తిని పెరిగినది. దానిని నిందించుట నాకు తగదు.

కాని బొగ్గు కాలినప్పుడు బొగ్గుపులుసుగాలి పుట్టును. అది దుప్పటివలె భూమి వేడిని పోనీయదు. స్వీడనుదేశపు అరీనియసు 1896లోనే దీనిని లెక్కకట్టెను. యంత్రయుగమునకు మునుపు గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళుండిన ఆ వాయువు నేడు 420 దాటినది. మంచు వెనుదీసిన నేలలో పుట్టిన బొగ్గు, నేడు మాఘమాసపు చలిని వెనుకకు నెట్టుచున్నది. ఇది మన యొక్క యూరివలన జరిగినది కాదు. లోకమంతయు కాల్చిన బొగ్గువలనను చమురువలనను జరిగినది. అయినను చలికై యెదురుచూచు రైతును, బావికి పోవు కొడుకును ఒకే యింట నున్నవారు మనమే గనుక, ఈ సంగతి ఇతరులకంటె మన మెక్కువగ తెలిసికొనవలెను.

పెద్దలకు నాదొక విన్నపము. చలి యే వారమున వచ్చినది, యే వారమున పోయినది, మామిడి యెన్నడు పూచినది, శనగ యెన్నడు కోతకు వచ్చినది, ఏటేట మీ పంచాంగపు అంచున వ్రాసియుంచుడు. పట్టణములలోని యంత్రములు వేడిమిని కొలువగలవు. మీ చేని సంగతి మీరే చెప్పగలరు. విత్తు దినమును ఎంత ముందునకు జరుపవలెనో రేపటి రైతునకు ఆ వ్రాత తెలుపును. బావులకడనో, వాగుగట్టుననో గీతలు పడిన బండ గాని, ఆకు ముద్ర గల పలక గాని కనబడినచో, దానిని పగులగొట్టనీయక బడికి చేర్పించుడు. మన నేలపై మంచుండెనని పిల్లలు చేతితో తడవి తెలిసికొందురు.

హిమాలయపు మంచు మనకు మరల వలదు. శివరాత్రి వరకు చలి నిలుచుగాక యని మాత్రము మీతోకూడ నేనును కోరుచున్నాను. సెలవు.