ఒకే పొలం, రెండు నమోదులు: పెనుకొండ ప్రాంత భూలెక్కల నేపథ్యంలో ఏకైకతా నియమం

కీలక పదాలు: సర్వే నంబరు, అడంగల్, చెక్కుబందీ, డేటాబేస్, యూనికోడ్

ఉపోద్ఘాతం

ఒక పొలానికి ఒకే నమోదు ఉండాలన్నది భూలెక్కల మూలసూత్రం. అది తప్పితే ఒకే భూమి ఇద్దరి పేర ఎక్కుతుంది, రెండుసార్లు విక్రయానికి వస్తుంది. నకళ్ళను నిరోధించే నియమం ఉన్న డేటాబేస్‌లోనూ నకళ్ళు చేరడానికి గల కారణాలను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల భూలెక్కల చరిత్ర వెలుగులో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

చారిత్రక నేపథ్యం

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిపించాడు. 1882లో బళ్ళారి నుండి అనంతపురం జిల్లా విడివడింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022లో ఈ మూడు పట్టణాలూ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. పరిపాలనా విభాగాలు మారుతూ వచ్చినా, పొలాన్ని గ్రామం, సర్వే నంబరు, సబ్‌డివిజన్ అనే మూడింటితో గుర్తించే పద్ధతి స్థిరపడింది. అడంగల్‌లోని పేరుకూ నేలమీది పొలానికీ పొంతన కుదిర్చినవాడు గ్రామ కరణం. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. క్రమంగా లెక్కలు కంప్యూటరులోకి చేరాయి.

నియమం విఫలమయ్యే తావులు

1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన సంబంధాత్మక నమూనాలో ప్రతి వరుసనూ ఒక 'కీ' విశిష్టంగా గుర్తించాలి. పై మూడు అంశాలను కలిపి కీగా భావిద్దాం. విభజన జరగని పొలానికి సబ్‌డివిజన్ గడి ఖాళీగా, అంటే 'నల్'గా, ఉంటుంది. ఎస్‌క్యూఎల్‌లో నల్ అంటే 'తెలియనిది'. ఒక తెలియనిది మరొక తెలియనిదానితో సమానమని చెప్పలేం గనుక, అనేక డేటాబేస్‌లలో 112వ నంబరు, ఖాళీ సబ్‌డివిజన్ గల వరుస ఎన్నిసార్లయినా చేరుతుంది. నల్‌లను పరస్పరం సమానంగా పరిగణించే వెసులుబాటు పోస్ట్‌గ్రెస్‌లో 2022 నాటి 15వ విడుదలతోగాని రాలేదు.

రెండవ తావు లిపి. యూనికోడ్‌లో ఐత్వాన్ని (ై) ఒకే సంకేతంగానైనా, ఎత్వం (ె), ఐత్వపు గుర్తు (ౖ) అనే రెండు సంకేతాలుగానైనా రాయవచ్చు. కంటికి ఒకటే అయినా, సంకేతాలను యథాతథంగా పోల్చే యంత్రానికి అవి వేర్వేరు.

మూడవది వ్యవహారం. పెనుకొండనే పెనుగొండ అనీ, ఘనగిరి అనీ వ్యవహరించారు. పశ్చిమ గోదావరిలో మరో పెనుగొండ ఉంది. కాబట్టి పేరు కలిసినంత మాత్రాన ఊరు ఒకటి కాదు; పేరు వేరైనంత మాత్రాన ఊరు వేరు కాదు.

సవరణ క్రమం

మొదట కీలోని విలువలను బట్టి వరుసలను గుంపులు చేసి, ఒకటికి మించినవాటిని వెలికితీయాలి. లిపి సంకేతాలను ఏకరూపం చేసి, ఊరి పేరుకు బదులు గ్రామ సంకేతసంఖ్యను వాడి, విభజన లేని పొలానికి ఖాళీ కాక '0' వంటి నిర్ణీత విలువ ఇవ్వాలి. ఆపై మళ్ళీ వెతికి, తేలిన నకళ్ళను పరిష్కరించిన తరువాతే నియమాన్ని పునఃస్థాపించాలి. అయితే నకలుగా కనిపించిన వరుసను యాంత్రికంగా తొలగించరాదు. నమోదు కాని భాగపరిష్కారంలో రెండవ వాటాదారుకు మిగిలిన ఏకైక ఆధారం అదే కావచ్చు.

ముగింపు

దానశాసనాలు భూమిని నాలుగు దిక్కుల ఎల్లలతో గుర్తించాయి. నేటి విక్రయపత్రాలలోని చెక్కుబందీ ఆ సంప్రదాయానికి కొనసాగింపు. డేటాబేస్ నియమం పోల్చేది రాతను మాత్రమే; రెండు రాతలు ఒకే పొలానివా కాదా అన్నది హద్దులు చూసి తేల్చవలసిందే.