మంచె మీది రైఫిలు

మహానంది కోనేటి నీళ్లు గుడి దాటి అరటితోటలకు పారతాయి. తోటలకు తూర్పున నల్లమల. ఆ తడి కోసం అడవిపందులు దిగుతాయి. పంది గెల తిని ఊరుకోదు, దుంపను మూతితో పెళ్లగించి చెట్టునే కూల్చేస్తుంది. ఒక్క రాత్రికి ఏడాది కష్టం నేలపాలు.

మా జేజినాయన దగ్గర నాటు తుపాకి ఉండింది. మూతిలోంచి మందు పోసి, పీచు కూరి, సీసం గుళ్లు వేసి, కడ్డీతో దట్టించాలి. ఒక్కసారి పేలితే మళ్లీ నింపేదాకా పంది ఆగుతుందా? వానకు మందు చెమ్మగిలితే ఆ ఒక్కటీ పేలదు. అప్పుడు మంచె మీద రేకుడబ్బా వాయించేవాడు.

మా పెదనాయన పట్టాళం నుంచి వచ్చి, వేట లైసెన్సు మీద పాయింట్ 315 రైఫిలు కొన్నాడు. బెంగాల్‌లోని ఈశాపూర్ ప్రభుత్వ కర్మాగారంలో చేసింది. ఇంగ్లీషు సీమ నుంచి దిగే వేట తుపాకులు సంస్థానాల వాళ్లకే అందేవి. ఇది పింఛను మనిషికీ అందింది. దాన్ని నూనెగుడ్డతో తుడుస్తూ పెరిగాను గనక మంచిచెడ్డలు నాకు తెలుసు.

దాని బోల్టు సైన్యం మోసిన లీ ఎన్‌ఫీల్డ్‌దే. పిడి ఎత్తి వెనక్కి లాగితే ఖాళీ గొట్టం ఎగిరిపడుతుంది. ముందుకు నెట్టేటప్పుడు చివర్లో అరచేతికి బిగువు తగులుతుంది, లోపలి స్ప్రింగు ముడుచుకునేది అప్పుడే. మౌజర్ రకంలో ఆ పని పిడి ఎత్తేటప్పుడే అయిపోతుంది. మాగజైనులో ఐదు తూటాలు. దుమ్ము పడినా మొరాయించేది కాదు. మా దాని ట్రిగ్గర్ మాత్రం బరువు, కొయ్య మొరటు. బోల్టును పట్టే లగ్గులు వెనకవైపున్నాయి గనక మరీ బలమైన తూటాలకు అది తగదు. పందికి చాలు, నా మాట నమ్మండి.

మరి ఈ 315 ఎందుకు? సైన్యం తూటా పాయింట్ 303. అది జనం చేతికొస్తే తమ మీదికే తిరుగుతుందని తెల్లదొరల భయం. అందుకే బోల్టు అదే ఉంచి గొట్టం కొలత మార్చారు. తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోవెలకుంట్లలో ఉరితీసిన పాలన అది. 1878 ఆయుధాల చట్టం మనవాళ్లకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను వదిలేసింది.

స్వతంత్రం వచ్చాక 1959లో చేసిన చట్టం పంట కాపలాకు మూతిలోంచి మందు నింపే తుపాకినే చూపింది. అది చాలదని అధికారికి తోస్తే నున్నటి గొట్టం ఉన్న మరో తుపాకి ఇవ్వొచ్చు. రైఫిలు మాట అక్కడ లేదు. చిన్నప్పుడు ఇది అన్యాయమనిపించేది. ఇప్పుడు అనను. అరటాకుల చీకట్లో యాభై గజాలు కనపడవు, రైఫిలు తూటా మైలు దాటుతుంది. శివరాత్రికి జనం నడిచొచ్చే దారి మా తోట పక్కనే. ఆ దారివైపు పెదనాయన ఒక్కసారీ కాల్చలేదు. కొండవాలుకు ఎంత మంచి రైఫిలో, మంచెకు అంత ప్రమాదం.

1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి పులుల రిజర్వు అయింది. వేట ఆగి రైఫిలు బీరువాకెక్కింది. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పి, అయ్యాక తెచ్చుకోవడమే దానికి మిగిలిన తిరుగుడు. పెదనాయన పోయాక శాశ్వతంగా అప్పజెప్పేశాం.

పందులు ఇప్పటికీ దిగుతున్నాయి. నిన్న రాత్రి మా తమ్ముని కొడుకు మంచెక్కి తెల్లవార్లూ రేకుడబ్బా వాయించాడు.