బీచ్ రోడ్డులో టీయూ-142

విశాఖ ఆర్.కె. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌కు ఎదురుగా ఉన్న టీయూ-142 విమానాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు. జలాంతర్గాములను వెతికి పట్టే ఈ సోవియట్ విమానాలు 1988లో మన నౌకాదళంలో చేరాయి. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు. 29 ఏళ్లలో దాదాపు 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరాయి.

2017 మార్చిలో అరక్కోణంలో వీడ్కోలు పలికాక, ఏప్రిల్‌లో ఒకటి విశాఖకు ఎగిరి వచ్చింది. దాన్ని ఐఎన్‌ఎస్ డేగాలో విడదీసి, బీచ్‌కు తరలించి, మళ్లీ బిగించారు. డిసెంబరులో మ్యూజియంగా ప్రారంభమైంది.

దాని ఆకారం కంటే ఆ ప్రమాదరహిత చరిత్రే నాకు గొప్పగా తోస్తుంది. అందులో పైలట్లతో పాటు నేలమీద ఉండి ప్రతి బోల్టూ సరిచూసిన మెకానిక్కుల కష్టం ఉంది. ఉప్పుగాలి నుంచి లోహాన్ని రంగు కాపాడుతుంది. జ్ఞాపకాలను కాపాడేది రాతే. మనలో నౌకాదళంలో పనిచేసినవారు తమ అనుభవాలు ఇప్పుడే రాసిపెట్టాలని నా మనవి.